బంద్ రోజున వాన పాఠం

ఆ రోజుల్లో ఇంటర్నెట్ అంటే బెంగాల్లోని మా లిలువా రైల్వే కాలనీ వాళ్ళకి ఇంట్లో ఉండే వస్తువు కాదు, తయారై వెళ్ళి రావలసిన చోటు. పేరంటానికి వెళ్ళినట్టు సైబర్ కేఫ్‌కి వెళ్ళేవాళ్ళం. ఇప్పటి పిల్లలు మంచం మీద బోర్లా పడుకుని, ఓ చేత్తో చిప్స్ తింటూ క్లాసులు వింటుంటే నాకు నవ్వొస్తుంది. నా మొదటి ఆన్‌లైన్ క్లాసుకి నేను తలస్నానం చేసి, ఉన్న చీరల్లో కాస్త మర్యాదైనది కట్టుకుని, జడలో పూలు కూడా పెట్టుకుని వెళ్ళాను. (హైదరాబాదులో కూర్చున్న మేడమ్‌కి నా మొహం తపాలా బిళ్ళంతే కనిపిస్తుందని, అదీ మసకమసగ్గా అని నాకెవరు చెప్పారు?)

అప్పటికి నాకు ముప్పై దగ్గర పడుతున్నాయి. మా ఆయన లిలువా వర్క్‌షాపులో ఫిట్టరు. నేను కాలనీలోని చిన్నపిల్లల బడిలో ఆయాగా ముక్కులు తుడుస్తూ, చెప్పుల జతలు కలుపుతూ ఉండేదాన్ని. అక్కడి పెద్ద టీచరమ్మ, మేమంతా దీదీమొణి అని పిలిచే బెంగాలీ ఆవిడ, ఆ ఏడు రిటైరవుతూ నన్ను పక్కకు పిలిచింది. బడి మళ్ళీ తెరిచేలోపు నేను టీచర్ ట్రైనింగ్ పాసైతే తన కుర్చీకి నా పేరే చెబుతానంది. ఊరి నుంచి వచ్చిన చుట్టాలెవరో తెచ్చిన తెలుగు పేపర్లో, పదో తరగతి చదివినవాళ్ళు కంప్యూటర్ మీదే ఆ ట్రైనింగ్ చేయవచ్చనే ప్రకటన నేనప్పటికే చూసి ఉన్నాను. ఇంక ఆగుతానా!

"ఈ వయసులో నీకు సదువేటే? నలుగురూ నవ్వరేటి?" అంది మా అత్తగారు. అంది కానీ, కోడలు ఒంటరిగా సైబర్ కేఫ్‌కి వెళ్ళడం అంతకంటే నచ్చక తనే వెంట బయలుదేరింది. ఆవిడ అనుమానంలోనూ న్యాయం లేకపోలేదు. అక్కడ కంప్యూటర్లన్నీ చెక్క అరల్లో, పర్దాల వెనక ఉండేవి. ఒక్కో అరలో కాలేజీ జంట. మా అత్తగారు మొదటి రోజే వరసగా పర్దాలన్నీ ఎత్తి చూసి, "ఏటిది? ఇక్కడేటి సదువుతున్నారు?" అని తెలుగులో నిలదీస్తే, భాష తెలియకపోయినా భావం తెలిసి రెండు జంటలు లేచిపోయాయి. కేఫ్ యజమాని, ఎప్పుడూ మెడలో హెడ్‌ఫోన్ వేలాడేసుకుని తిరిగే దాదా (దాదా అంటే అక్కడ అన్న; మాకు హెడ్‌ఫోన్ దాదా), చేతులు జోడించి, "మాసిమా, నా వ్యాపారం!" అని, పిన్నీ పిన్నీ అంటూ బతిమాలాడు.

నేను చేసింది మాత్రం తక్కువా? హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మన గొంతు మనకి వినిపించదు కదా, మేడమ్‌కీ వినిపించదనుకుని, "పిల్లల్ని కొట్టకూడదండీ మేడమ్!" అని గట్టిగా జవాబు అరిచాను. కేఫ్ కేఫంతా ఉలిక్కిపడింది. నాలుగు క్లాసులు గడిచేసరికి మా అత్తగారే నా హెడ్‌ఫోన్‌కి చెవి ఆనించి వినడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఇంటికెళ్ళే దారిలో, "నిన్న మనకి సెప్పిన పాటం ఇయ్యాల మల్లీ సెప్పిందేటే?" అని విసుక్కునేది. 'మనకి' అనడం అప్పటికే వచ్చేసింది.

అలా చివరి పరీక్ష దాకా వచ్చాం. కెమెరా ముందు నిజమైన పిల్లల్ని కూర్చోబెట్టి ఒక పాఠం చెప్పి చూపించాలి. నేను వాన పాఠం ఎంచుకున్నాను. ఒకళ్ళు సూర్యుడు, ఒకళ్ళు సముద్రం, ఒకళ్ళు మేఘం, మిగతావాళ్ళు వాన. కాలనీ పిల్లలకి వారం రోజులు నేర్పి, వాళ్ళ అమ్మలకి నచ్చజెప్పి, అట్టముక్కలతో సూర్యుడి కిరీటం కూడా చేశాను. తీరా పరీక్ష రోజు పొద్దున్నే తెలిసింది, ఆవేళ బంద్ అని. ఎవరు పిలిచారో ఇప్పుడు గుర్తు లేదు. ఆ కాలంలో రాష్ట్రాన్ని ఏలేవాళ్ళూ, వాళ్ళని దింపాలనుకునేవాళ్ళూ పోటీలు పడి బంద్‌లు పిలిచేవారు. హైదరాబాదుకి ఫోన్ చేస్తే, "ఈరోజు కాకపోతే వచ్చే బ్యాచ్‌తోనే అమ్మా" అన్నారు. వచ్చే బ్యాచ్ అంటే దీదీమొణి కుర్చీలో అప్పటికి ఇంకెవరో కూర్చుని ఉంటారు. ప్రతి తల్లీ బంద్ రోజున పిల్లల్ని గడప దాటించనంది. నేను మంచం మీద కూలబడి ఏడుపు లంకించుకున్నాను.

"ఏడుత్తే పరీచ్చ అయిపోద్దేటి? లెగు!" అంది అత్తగారు, కిరీటం చంకలో పెట్టుకుని. "ఎల్దాం పద. పిల్లలు దొరక్కపోతే అప్పుడు సూద్దాం."

రోడ్డు మీద ఒక్క బస్సు లేదు. నడిరోడ్డున వికెట్లు పాతి క్రికెట్ ఆడుతున్నారు. కేఫ్ షట్టర్ దించి ఉంది. దాని ముందు జెండా కర్రలు గోడకానించి నలుగురైదుగురు దాదాలు క్యారమ్స్ ఆడుతున్నారు. షాపులు తెరవకుండా చూడటం వాళ్ళ డ్యూటీ. వాళ్ళ నాయకుడు ఎవరయ్యా అంటే, మా హెడ్‌ఫోన్ దాదాయే!

"హొబే నా, బౌది," కుదరదు వదినా అంటూ అతను దీనంగా తలూపాడు. "ఊరందరి షట్టర్లూ నేనే దింపించాను. నా షట్టరే తెరిస్తే జనం ఏమంటారు?"

మా అత్తగారు ముందుకొచ్చింది. నలభై ఏళ్ళుగా కలిపి మాట్లాడుతున్న తెలుగు, హిందీ, బెంగాలీ అంతా ఒకేసారి ఉపయోగించింది. "ఏటి దాదా, ఆసుపత్రికి బంద్ నేదు. పాలకి బంద్ నేదు. తుమ్హారా క్యారం బోర్డుకీ బంద్ నేదు. నా కోడలి పరీచ్చకే బందా? మీ జెండా పేదోళ్ళ కోసవేనా, కాదా?"

క్యారమ్ బోర్డు మీద స్ట్రైకర్ ఆగిపోయింది. చివరికి హెడ్‌ఫోన్ దాదా లేచి, షట్టర్ దించే ఉంటుందనీ, వెనక తలుపు సంగతి బంద్‌లో ఎవరూ ప్రస్తావించలేదనీ తీర్పు చెప్పాడు. అందరం వెనక నుంచి లోపలికి దూరాం. పిల్లలేరని హెడ్‌ఫోన్ దాదా అడిగితే నేను నోరు తెరిచేలోపే అత్తగారు కిరీటం నెత్తిన పెట్టేసుకుని, "నాను సూరీడు," అంది. "ఈ బొజ్జ దాదా మబ్బు. ఆ పొడుగోడు సముద్రం. మిగతా అందరూ వాన."

"ఆమి మేఘ్?" నేను మేఘాన్నా అంటూ బొజ్జ దాదా తెగ సిగ్గుపడ్డాడు.

తెర మీద మేడమ్ ప్రత్యక్షమైంది. "పిల్లలు సిద్ధంగా ఉన్నారామ్మా?" అంది. "ఉన్నారండీ," అన్నాను. కెమెరా తిప్పాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుంది. "ఆ మీసాలున్న అబ్బాయి..." అంది. "సముద్రమండీ," అన్నాను. ఇంకేమంటాను?

మొదలుపెట్టాక మాత్రం నాకేమైందో తెలియదు, భయమంతా ఎగిరిపోయింది. తెలుగులో ఓ ముక్క, బెంగాలీలో ఓ ముక్క చెబుతూ సూర్యుణ్ణి సముద్రం మీదికి తోలాను. సముద్రం నేల మీద పడుకుని చేతులతో అలలు వేశాడు. అత్తగారు వాడి మీదికి వంగి, "వేడెక్కు! వేడెక్కు!" అని గదమాయించింది. బొజ్జ దాదా బుగ్గలు పొంగించి, నిజంగానే నీళ్ళు మోస్తున్నవాడిలా తూలుతూ గది చుట్టూ తిరిగాడు. జెండాలు పట్టుకునే ఆ చేతులన్నీ వేళ్ళు ఆడిస్తూ వానై కురిశాయి. హెడ్‌ఫోన్ దాదా బల్ల మీద వేళ్ళతో చినుకుల చప్పుడు చేశాడు.

మేడమ్ నవ్వాపుకుంటూ పరీక్ష ప్రశ్న వేసింది. "పిల్లలూ! మేఘం కురవకుండా ఎప్పటికీ అలాగే ఉండిపోతే సరిపోతుందా?"

సరిగ్గా అప్పుడే వీధిలోకి బంద్ ఊరేగింపు వచ్చింది. షట్టర్ అదిరేలా నినాదం: "చొల్బే నా! చొల్బే నా!" లోపలి నా విద్యార్థులకి అలవాటు ఊరుకోనిస్తుందా? సముద్రం లేచి నిలబడ్డాడు, మేఘం పిడికిలి ఎత్తాడు, కిరీటంతో సహా మా అత్తగారు కూడా చెయ్యెత్తి, "చొల్బే నా! చొల్బే నా!" అని గొంతు కలిపింది.

మేడమ్ వెనక్కి జరిగింది. "ఏమంటున్నారమ్మా వాళ్ళు?"

"అలా ఉండిపోతే చెల్లదంటున్నారండీ మేడమ్," అన్నాను. అంతకంటే సరైన అనువాదం నేను ఈ జన్మలో చేయలేదు.

ఆవిడ పగలబడి నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే కనెక్షన్ తెగి బొమ్మ నిలిచిపోయింది. నవ్వే ఆ మొహం కేసి చూస్తూ హెడ్‌ఫోన్ దాదా తీగలన్నీ ఊడదీసి మళ్ళీ పెట్టాడు. పాసా, ఫెయిలా, ఎవరికి తెలుసు?

ఆ వారం నేను కూరలో ఉప్పు వేశానో లేదో కూడా తెలియని స్థితిలో గడిపాను. ఒక మధ్యాహ్నం బొజ్జ దాదా సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, క్వార్టర్స్ బయటి నుంచే, "బౌదీ, ఎసే గేఛే!" వచ్చేసింది అని అరిచాడు. నేనూ అత్తగారూ ఎలా ఉన్నవాళ్ళం అలా కేఫ్‌కి పరిగెత్తాం. తెర మీద నా పేరు, పక్కన 'ఉత్తీర్ణత'. కింద మేడమ్ రెండు వాక్యాలు రాసింది: విద్యార్థుల ఉత్సాహం అసాధారణం, కొందరి వయసు విషయంలో మాత్రం స్పష్టత లేదు.

"మల్లీ సదువు," అంది అత్తగారు. చదివాను. "మల్లీ," అంది. మూడోసారీ చదివాను. ఆవిడ నా వీపు మీద ఒక్కటి చరిచి, కళ్ళు తుడుచుకుని, "మనం పాసైపోనామే!" అంది.

ఇప్పుడు ఆ బడికి నేనే పెద్ద టీచరమ్మని. కొత్తగా చేరే అమ్మాయిలు ఆన్‌లైన్ కోర్సు విసుగ్గా ఉందని గొణుగుతుంటారు. అప్పుడు నాకు ఆ మధ్యాహ్నం రోడ్డు కనిపిస్తుంది. కేఫ్ నుంచి ఇంటికి, చెప్పులు కూడా వేసుకోకుండా, అత్తగారి చెయ్యి పట్టుకుని, పాన్ దుకాణం వాడికి బెంగాలీలో, రిక్షావాడికి హిందీలో, కాలనీ వాళ్ళకి తెలుగులో "నేను పాసయ్యాను" అని చెప్పుకుంటూ పరిగెత్తే ఒక మనిషి కనిపిస్తుంది. ఎంత తొందరో పిచ్చిదానికి! ఎదురుపడితే "కాస్త నెమ్మదమ్మా, కాళ్ళు కాలతాయి" అనాలనిపిస్తుంది. అనను లెండి. ఆ పరుగులో ఓ నాలుగడుగులు నన్నూ కలుపుకుంటే చాలు.