సముద్రం పక్కన తియ్యటి చెలమ

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, నందికొట్కూరు నుంచి మేం ముగ్గురు స్నేహితురాళ్ళం రామేశ్వరం దీవికి పోయాం. కొబ్బరినీళ్ళు తాగుతూ, అలల చప్పుడు వింటూ ఒడ్డునే పడుకున్నాం.

మధ్యాహ్నం మాలో ఓబులమ్మ మంచినీళ్ళడిగింది. ఒడ్డున గవ్వలమ్మే అవ్వ ఒకామె నవ్వి, అలలకు కాస్త ఎగువన ఇసుకను చేత్తో తోడింది. మోచేతి లోతులోనే నీళ్ళూరాయి. చిప్పతో ముంచి ఇచ్చింది.

“తియ్యగుండాయి మే!” అని మాతో అని, “ఈ చెలమ ఎవరిదవ్వా?” అనడిగింది ఓబులమ్మ.

“తోడినవాళ్ళదే,” అంది అవ్వ, యాత్రికుల దగ్గర నేర్చిన తెలుగులో.

ఊళ్ళో లోతుబావి మోకు లాగి లాగి ఓబులమ్మ అరచేతులు కాయలు కాసి ఉండేవి. ఆమె ఇసుకలో కూలబడి, “నెత్తిన పోయండి మే, శానా పోయండి,” అంది.

అవ్వ తోడుతుంటే పొద్దు వాలేదాకా పోస్తూనే ఉన్నాం. ఓబులమ్మ నవ్వుతూ మూసుకున్న కళ్ళు తెరవలేదు.