మాటకు ఐదు పైసలు

ఆదోని పత్తి మార్కెట్లో ఒక్క పూటలో నేనెట్లా మునిగిపోయానో చెబుతాను. నవ్వుకోండి, అడ్డం రాను. తప్పు నాదని మాత్రం చివరిదాకా ఒప్పుకోను.

డెబ్బైల చివరి మాట. మాది ఎమ్మిగనూరులో మగ్గాల ఇల్లు. హిందీ పరీక్షలు పాసైన పొగరుతో, మగ్గం గుంతలో కాలు పెట్టనని మొండికేశాను. నాయన తిట్టలేదు. తను నేసిన కొత్త తువ్వాల నా భుజం మీద వేసి, "ఆదోనికి పో. నీ నోటితో ఏమన్నా సంపాదించుకొని రా. ల్యాకుంటే తెల్లారి గుంతలో కూసుండాల" అన్నాడు.

ఆదోనిలో నా దోస్తు మస్తాన్ పత్తి దళారి. బొంబాయి వైపు నుంచి ఒక సేటు వచ్చాడనీ, దళారులను నమ్మడనీ, తన హిందీని రైతులకు తెలుగులో చెప్పడానికి తనకంటూ ఒక మనిషిని వెతుకుతున్నాడనీ అతనే చెప్పాడు. ఇక తేలాల్సింది కూలి.

"దినం కూలి అడుగప్పా. ల్యాకుంటే బస్తాకింతని అడుగు" అన్నాడు మస్తాన్.

మూరకింతని కూలి తీసుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి. నాయనకు మూర ఎట్లాగో నాకు మాట అట్లాగే. "మాటకు ఐదు పైసలు" అన్నాను. బేరమంటే పొద్దుగూకేదాకా అరుచుకుంటారు కదా! ఆ డబ్బుతో మనసులో సైకిల్ కూడా కొనేశాను. మస్తాన్ నన్ను జాలిగా చూసి, నీ ఇష్టం అన్నాడు. ఆ జాలి ఎందుకో అడిగి ఉంటే ఈ కథే లేదు.

సేటు నా రేటు విని తల ఊపాడు. ఆ తర్వాత నోరు తెరిస్తే ఒట్టు. హాలహర్వి నుంచి వచ్చిన ఒక రైతు బండి దగ్గర పిడికెడు పత్తి తీశాడు, పోగు లాగి చూశాడు, పెదవి విరిచాడు. పెదవి విరుపును ఏ తెలుగులోకి మార్చమంటారు? రైతు కూడా తక్కువ తిన్నవాడు కాదు, ఆకాశం వైపు చూశాడు. నేను పిలవని పెళ్లికి వచ్చిన సన్నాయివాడిలా గొంతు సవరించుకుంటూ నిలబడ్డాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు బంగారమే, ఊరే నోరు విప్పలేదు.

చివరికి సేటు నా వైపు చెయ్యి చాపాడు. మాట వస్తోందని ముందుకు ఉరికాను. ఆయన నా తువ్వాల లాక్కున్నాడు. ధర పక్కవాళ్లకు తెలియకుండా గుడ్డ కింద వేళ్లు నొక్కి బేరమాడతారని మగ్గం ఇంటివాణ్ణి నాకేం తెలుసు? తువ్వాల కింద రెండు చేతులు కాసేపు కుస్తీ పట్టాయి. రైతు నవ్వాడు. బేరం అయిపోయింది.

అప్పుడు సేటు హిందీలో నన్నే అడిగాడు, ఎన్ని మాటలయ్యాయని. ఆ పూట ఆయన నోరు విప్పింది అప్పుడే. దాన్ని ఎవరికి అనువదించాలి?

రైతు మంచివాడు. తువ్వాల మడిచి, లోపల రెండు రూపాయల నోటు పెట్టి ఇచ్చాడు. "గుడ్డ ఇచ్చినావు కదప్పా, పెట్టుకో."

ఇంటికొచ్చి ఆ నోటు గర్వంగా చూపించాను. నాయన జరిగిందంతా నాతోనే చెప్పించి, నోటు తన బొడ్లో దోపుకున్నాడు.

"ఇది తువ్వాల సంపాదించింది. తువ్వాల నేసింది నేను. నీ నోరు సంపాదించింది యాడుందో సూపియ్యి."

తెల్లారి గుంతలో కూర్చున్నాను. ఏడాది తిరక్కుండా లేచి వచ్చాను కూడా. అనువాదానికి ఇప్పటికీ మాటకింతనే అడుగుతాను. ఇష్టమున్నవాళ్లు ఇస్తారు, లేనివాళ్లు పోతారు. నా లెక్క అప్పుడూ తప్పు కాదు, ఇప్పుడూ కాదు. నా కొంప ముంచింది తువ్వాల. అందుకే ఉరుకుంద ఈరన్న సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: బేరం జరిగే చోటికి భుజం మీద గుడ్డతో జన్మలో పోను. చెమట పడితే చొక్కాతో తుడుచుకుంటాను.