పోపులపెట్టెలో పాపికొండల ఖర్చు

"అయితే నన్నేం చెయ్యమంటావు? టిక్కెట్టు కొట్టకుండా ఉండాలంటే నేనూ చీర కట్టుకుని బస్సెక్కనా?" అన్నారు మా ఆయన.

"నేనామాట అన్నానా అండి? ఇద్దరం వెళ్తుంటే బస్సు ఖర్చు మీ ఒక్కరి వల్లే వస్తోందన్నాను. ఉన్నమాటేగా."

"పోనీ, నేను మగాడిగా పుట్టడం కూడా దుబారా కిందే రాసుకో."

"రాయడం నాకెక్కడొచ్చండీ," అన్నాను.

నిజంగానే రాయడం అంతంతమాత్రం. నా చదువు మూడో తరగతితో సరి. కూడికలు వేళ్ళ మీద చేస్తాను. తీసివేతలు మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చాయి. ఆడవాళ్ళకి బస్సు ఉచితం చేసినప్పటినుంచి అవి మరీ ముదిరాయి. ఎక్కడికి బయల్దేరినా నా వంతు ఖర్చు సున్నా, ఆయన వంతు మాత్రం కంట్లో నలుసులా గుచ్చుకుంటుంది.

ప్రయాణాల లెక్కలు నాకు కాగితం మీద నిలవవు. వాటికి మా అత్తగారి నాటి ఇత్తడి పోపులపెట్టె ఉంది. లోపల చుట్టూ ఆరు గిన్నెలు, మధ్యలో ఒకటి. వంటకి స్టీలుది కొన్నాక పాతదాన్ని ఊరు వెళ్ళే ఖర్చులకి కేటాయించాను. ఆవాల గిన్నెలో బస్సు డబ్బులు, మెంతుల గిన్నెలో ఆటో డబ్బులు, జీలకర్ర గిన్నెలో కాఫీ డబ్బులు. మధ్యనున్న పసుపు గిన్నె అనుకోని ఖర్చుకి. ఏ గిన్నె ఖాళీ అయితే ఆ ఖర్చు అక్కడితో ఆగిపోవాలి, అదీ పద్ధతి. చింతపండు పెట్టి ఎంత తోమినా వాసన మాత్రం పోలేదు. ద్రాక్షారామం వెళ్ళినప్పుడు కండక్టరు నేనిచ్చిన నోటు వాసన చూసి, "ఈవేళ మీ ఇంట్లో పులుసా అమ్మగారూ?" అని అడిగాడు.

ఆ ద్రాక్షారామం ప్రయాణంలోనే, సీసా నీళ్ళు కొనడం దండగని ఇంటినుంచి పెద్ద డబ్బాతో నీళ్ళు మోయించాను. ఆ బరువుతో ఆయన నడవలేకపోతే గుడిదాకా ఆటో ఎక్కాం. ఆ డబ్బుతో ఎన్ని సీసాలు వచ్చేవో మా ఆయన ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటారు. మెంతుల గిన్నె ఖాళీ అయిందని తిరిగి వచ్చేటప్పుడు ఎండలో నడిపించిన సంగతి మాత్రం పాపం ఎవరికీ చెప్పరు. నేనే చెప్పుకుంటున్నాను.

ఈసారి వెళ్ళాలనుకున్నది పాపికొండలకి. ఆయన రెండు కళ్ళకీ శుక్లాలు తీశారు. ఆపరేషనుకి ముందు ఏటిగట్టు మీద నిలబడితే గోదావరి ఆయనకి ఎండలో ఆరేసిన పంచెలా తెల్లగా అలుక్కుపోయి కనిపించేదట. చూపు కుదుటపడ్డాక ఒకరోజు భోజనం చేస్తూ, "కొండల మధ్య గోదారిని ఒక్కసారి చూడాలనుంది. ఇంకేం అడగను," అన్నారు. ఆయన నన్ను అడగడమే అరుదు. అడిగి లాభం లేదని పెళ్ళయిన కొత్తలోనే గ్రహించారు. నేను సరేనన్నాను.

సరేనన్న మరునిమిషం నుంచీ తగ్గించడం మొదలుపెట్టాను. అంతదూరం దేనికి, మన ఊరి పుష్కరాల రేవులో మెట్ల మీద కూర్చుంటే పైసా ఖర్చు లేదు, ఆ కొండల మధ్య నీళ్ళే కదా అక్కడికి వచ్చేవి అన్నాను. మా దగ్గర ఉండి చదువుకుంటున్న మనవరాలు పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "నీళ్ళు వస్తాయి అమ్మమ్మా, కొండలు రావు," అంది. దానికి పరీక్షలు, అది మాతో రావడం లేదు. ఫోనులో లాంచీ టిక్కెట్లు రెండూ తీసింది అదే. రాజమండ్రి చేరితే అక్కడినుంచి రేవుకి వాళ్ళే తీసుకెళ్తారట, ఉదయం టిఫిను, మధ్యాహ్నం భోజనం అన్నీ టిక్కెట్టులోనే కలిసి ఉంటాయట. అది విని నాకు అన్నం సహించలేదు. పులిహోర, పెరుగన్నం మేం తెచ్చుకుంటాం, భోజనం డబ్బు తగ్గించమని లాంచీ అతనికి ఫోను చేయించాను. తిన్నా తినకపోయినా అదే రేటన్నాడు. తిననివాళ్ళు తినేవాళ్ళకి పెట్టడమేంటని నేను చాలాసేపు నిలదీశాను. చివరికి అతను, "పోనీ మీరు రెండుసార్లు వడ్డించుకోండి అమ్మగారూ," అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది.

ఇలా అన్నిటి మీదా పోరాడి, బయల్దేరే ముందురోజు సాయంత్రం పెట్టె ముందేసుకుని ఆవాల గిన్నెలో ఆయన బస్సు డబ్బులు వేస్తూ, ఇది మీ ఒక్కరి వల్లే అన్నాను. అదీ తగువు. ఆయన పెద్దగా అరిచే మనిషి కాదు. లేచి కండువా దులుపుకుని, "నేను రావట్లేదు. నా టిక్కెట్టు రద్దు చేయించి ఆ డబ్బు నీ పసుపు గిన్నెలో పోసుకో," అని అరుగు మీదికి వెళ్ళిపోయారు.

నాకూ పంతమే. రద్దు చెయ్యమని మనవరాలితో అన్నాను. ముందురోజు రద్దు చేస్తే రూపాయి కూడా వెనక్కి రాదంది. అప్పుడు లేచాను, ఇది కూడా చెప్పాలి కదా. అంతవరకూ లేవలేదు.

ఆయన కాలవ అవతలి కొబ్బరిచెట్లకి కాయలు లెక్కపెడుతున్నారు. చూపు వచ్చినప్పటినుంచి అదే కాలక్షేపం. ఆ చెట్లు మావి కావు.

"రద్దు చేస్తే డబ్బు రాదటండి. రండి," అన్నాను.

"అందుకా పిలుస్తున్నావు?"

అందుకు కాదు. కానీ ఆ సంగతి చెప్పడానికి నా నోట్లో మాటలు లేవు. ఇన్నేళ్ళూ బేరాలకే వాడిన నోరు, మెత్తటి మాట ఎక్కడినుంచి తేను? లోపలికి వెళ్ళి పెట్టె చూశాను. బస్సుకుంది, ఆటోకుంది, చెప్పులు తెగితే కుట్టించడానికి కూడా ఒక గిన్నె ఉంది. ఎవరి కళ్ళ కోసం వెళ్తున్నామో ఆయనకంటూ ఒక్క గిన్నె లేదు. పసుపు గిన్నెలో ఉన్నదంతా జేబురుమాల్లో కట్టి తెచ్చి ఆయన చొక్కా జేబులో పెట్టాను.

"ఇది మీది. దేనికి ఖర్చు పెట్టారని అడగను."

"అడగవా?"

"అడగను."

"చెబితే ఊళ్ళో ఎవరూ నమ్మరు," అన్నారు. మళ్ళీ కొబ్బరికాయల వైపు తిరిగారు.

మర్నాడు పొద్దున్న నేను మనవరాలి కోసం పులిహోర కలిపేసరికి ఆయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కళ్ళజోడు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి ఉన్నారు. మొదటి బస్సు ఎక్కాం. కిటికీ పక్కన ఆయన్ని కూర్చోబెట్టాను. కండక్టరు వచ్చి ఆధార్ కార్డు చూపించమన్నాడు. సంచీ అంతా వెతికాను. అప్పుడు గుర్తొచ్చింది, కార్డు పోకుండా ఉండాలని పోపులపెట్టెలో గిన్నెల కింద దాచాను. పెట్టె ఇంట్లో ఉంది.

"నన్ను చూస్తే ఆడదాన్నని తెలియట్లేదా బాబూ?" అన్నాను.

"తెలుస్తోందండి. కార్డు ఉండాలండి," అన్నాడు.

మా ఆయన జేబులోంచి రుమాలు తీసి ముడి విప్పారు. పసుపు అంటిన నోటొకటి కండక్టరు చేతిలో పెట్టారు.

"ఇక్కడ మగాళ్ళం ఇద్దరం ఉన్నాం బాబూ. రాజమండ్రికి రెండు కొట్టండి."

కండక్టరు నా వంక ఒకసారి చూసి రెండు కొట్టాడు. బస్సు బొబ్బర్లంక దాటి ధవళేశ్వరం బ్యారేజీ ఎక్కింది. ఆయన కిటికీలోంచి ముఖం తిప్పలేదు. నేను టిక్కెట్లు రెండూ మడిచి కొంగున ముడి వేసుకున్నాను.