పిన్ని తొక్కిన సన్నికల్లు

నా చిన్నప్పుడు మా పిన్నికి రెండో పెళ్ళి తలపెట్టారు. మొదటి మొగుడు, పాపం, కాపురం మొదలైన ఏడాదికే జ్వరంతో పోయాడు. ఆ రోజుల్లో మా విజయనగరం వైపు అలాంటి పెళ్ళంటే వీధంతా చెవులు కొరుక్కునేది. అందుకే రామతీర్థం కొండ కింద నలుగురి మధ్య కానిచ్చేద్దామనుకున్నారు. పెళ్ళిలో పిన్ని చేత తొక్కించడానికి ఇంట్లో పచ్చళ్ళు నూరే సన్నికల్లునే గోనెసంచిలో చుట్టి బస్సెక్కించారు.

తీరా ముహూర్తం ముంచుకొస్తుండగా అమ్మమ్మ వాళ్ళక్క, మా పెద్దమ్మమ్మ, నోరు జారింది. "ఒకసారి తొక్కీసిన కాలు మళ్ళీ ఏటి తొక్కుతాదే? రాయిలాగ కదలకుండా ఉంటానని అప్పుడే తొక్కీసింది కాదేటి?" అంది. అంతే, పిన్ని మొహం పాలిపోయింది. పీటల మీదికి రానంటూ సత్రం గదిలో ఓ మూల కూర్చుండిపోయింది. పెళ్ళికొడుకు బయట పంచె సర్దుకుంటూ నిలబడ్డాడు. ఈ పెళ్ళి తప్పిపోతే పిన్నికి ఇక వంటింటి మూలే గతి అని అంత చిన్నదాన్నైనా నాకూ తెలుసు.

మా మావయ్య కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పేవాడు. ఆయన ఎవరితోనూ వాదించలేదు. సన్నికల్లు ఎత్తుకొచ్చి పిన్ని ముందు పెట్టి చెంబుడు నీళ్ళు పోశాడు. తడిసిన రాతిలో దానిమ్మ గింజల్లా ఎర్రటి పలుకులు మెరిశాయి.

"ఇది కదల్లేదని ఎవులు సెప్పారే? ఇదొకప్పుడు సముద్రం అడుగున బురద. రెండు పెద్ద నేలలు గుద్దుకుంటే లోపలికి పోయి ఉడికిపోనాది. ఆ ఉడుకులోనే ఈ ఎర్ర పలుకులు పుట్టాయి. అక్కడితో అయిపోనేదు. కోట్ల ఏళ్ళకి మళ్ళీ నలిగింది, మళ్ళీ కాగింది. అప్పుడు కొండై పైకి లెగిసింది. అదిగో, బయట సూడు."

పిన్ని కంటే ముందు నేను చూశాను. పొద్దుటి నుంచీ కళ్ళెదుట ఉన్న కొండే. అంత కొండా బురదట! మా వంటింట్లో రాయి, ఆ కొండ, రెండూ ఒకే సముద్రంలోంచి వచ్చాయంటే నమ్మబుద్ధి కాలేదు, నమ్మకుండా ఉండబుద్ధీ కాలేదు. కాళ్ళ కింద నేల ఇంకా ఉడుకుతోందేమోనని గడప మీదికెక్కి నిలబడ్డాను.

పిన్ని తడి రాతిని చాలాసేపు నిమిరింది. "రెండుసార్లా, అన్నియ్యా?" అని మాత్రం అడిగింది. మావయ్య తల ఊపాడు. ఆవిడ లేచి, చీర కుచ్చిళ్ళు సవరించుకుని, తనంతట తానే పీటల దగ్గరికి నడిచింది. పెళ్ళికొడుకు ఆమె పాదం పట్టి రాయి మీద పెట్టినప్పుడు, కళ్ళు ఒత్తుకుంటూ అందరికంటే ముందు అక్షింతలు వేసింది పెద్దమ్మమ్మే.

పిన్ని నిండుగా సంసారం చేసి, పోయేముందు ఆ రాయిని నాకిచ్చింది. ఇంట్లో మిక్సీ ఉంది కనక అది మా పెరట్లో మూలపడింది. రెండువేల పదిహేనులో మా ఆయన పోయారు. నెలల తరబడి నాకు ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు. ఓ సాయంత్రం ఆ రాయిని కడిగి, మనవరాలిని సెల్‌ఫోన్ లైటు వెయ్యమన్నాను. పలుకులు ఆనాటిలాగే అంత ఎర్రగానూ ఉన్నాయి.

మర్నాడు చాన్నాళ్ళకి దాని మీద గోంగూర పచ్చడి నూరాను.