సూర్యాపేట నుంచి వెళ్లిన ఫోను

మా ఆయనా నేనూ ఒకే ఫ్లయింగ్ క్లబ్బులో విమానం నడపడం నేర్చుకున్నాం. హైదరాబాదులో, ఎనభైల చివర. నాది మిర్యాలగూడ. నాయినకు రైస్‌మిల్లు ఉండేది. ఆయనది సూర్యాపేట. మార్కెట్ యార్డుకు పోయే దారిలో వాళ్లకు ఎరువులు, విత్తనాల దుకాణం ఉంది. క్లబ్బు మొత్తంలో నల్లగొండ జిల్లా వాళ్లం మేమిద్దరమే. శనివారం ఇంటికి వచ్చేటప్పుడు, మా దారులు చీలే నార్కట్‌పల్లి దాకా ఒకే బస్సు ఎక్కేవాళ్లం. కులం కలిసింది కాబట్టి పెళ్లికి ఎవరూ అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

లైసెన్సులు ఇద్దరికీ ఒకేసారి వచ్చాయి, ఉద్యోగాలు మాత్రం ఇద్దరికీ రాలేదు. అప్పట్లో దేశంలో విమానాలు నడిపేది సర్కారు కంపెనీలే. లైసెన్సు పెట్టెలో పెట్టుకుని ఎదురుచూసేవాళ్లు ప్రతి క్లబ్బులోనూ ఉండేవారు. ఆయన వెళ్లి దుకాణంలో కూర్చున్నాడు. నేను క్లబ్బులోనే కొత్తవాళ్లకు నేర్పే పనిలో చేరాను. సోమవారం పొద్దున్నే సూర్యాపేటలో బస్సెక్కితే మళ్లీ శనివారం సాయంత్రమే ఇల్లు చేరేది.

మా అత్తమ్మకు ఇది మొదటి నుంచీ గిట్టలేదు. క్లబ్బు అలవాటు కొద్దీ నేను ఆయన్ని "నువ్వు" అనేదాన్ని. పెళ్లయిన వారంలోనే నలుగురి ముందు నిలబెట్టి అడిగింది.

"మొగన్ని నువ్వు అంటరా? మీ మిర్యాలగూడల గట్లనే అంటరా?"

"క్లబ్బుల అట్లనే పిల్సుకున్నం అత్తమ్మా."

"గా క్లబ్బు గీడ లేదు. మీరు అను."

నేను అనలేదు. ఆయన కూడా అనమనలేదు, కానీ ఆమెను వద్దని కూడా అనలేదు. మా ఇంట్లో ప్రతి గొడవలోనూ ఆయన అట్లాగే నిలబడేవాడు.

పైలట్ లైసెన్సు ఒకసారి వస్తే ఊరికే ఉండేది కాదు. గడిచిన ఆరు నెలల్లో కొన్ని గంటలైనా విమానం నడిపినట్టు చూపించాలి. బెంగుళూరు వెళ్లి కళ్లూ చెవులూ గుండే అన్నీ పరీక్ష చేయించుకోవాలి. మబ్బుల్లో బయటేమీ కనబడనప్పుడు ముందున్న మీటర్లు మాత్రమే చూసి నడపగలమని ఏటా ఇంకో పరీక్షలో నిరూపించుకోవాలి. నేర్పే పనిలో ఉన్నాను కాబట్టి నా లైసెన్సు చావకుండా నడిచింది. ఆయన తన లైసెన్సును వదిలేశాడు. గుర్తు చేసినప్పుడల్లా ఒకటే మాట: "కొలువు రానియ్యి. ఒక్క నెలల రినివల్ చేయిస్త."

కొలువు ఇంగ్లీషు పేపర్లో ప్రకటనగా వచ్చింది. ఆఫ్రికాలోని ఒక దేశపు విమాన సంస్థ అది. కొన్ని చిన్న విమానాలతో మొదలై అప్పుడప్పుడే పెద్దవి కొంటోంది, పక్క దేశాలకు రోజూ విమానాలు వేస్తోంది. వాళ్ల కుర్రవాళ్లు బయటి దేశాల్లో శిక్షణలో ఉన్నారు. వాళ్లు తిరిగి వచ్చేదాకా విదేశీ కో-పైలట్లు కావాలి. ఇద్దరం దరఖాస్తు పెట్టాం, ఇద్దరికీ బొంబాయిలో ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది.

ఇంటర్వ్యూ చేసింది వాళ్ల చీఫ్ పైలట్. నెరిసిన జుట్టు, తక్కువ మాటలు. మా ఆయన్ని ఒక్కటే అడిగాడట: ఆఖరుసారి విమానం ఎప్పుడు నడిపావు? ఈయన చెప్పాడు. "మీ లైసెన్సు మీ దేశంలోనే బతికి లేదు. దాన్ని మా దేశంలో చెల్లుతుందని మేమెట్లా అంటాం?" అని కాగితాలు వెనక్కి ఇచ్చాడు. నన్ను చాలాసేపు ప్రశ్నలు వేసి, తీసుకుంటున్నామని అక్కడే చెప్పాడు.

తిరుగు ప్రయాణంలో బొంబాయి నుంచి సూర్యాపేట దాకా ఆయన నాతో మాట్లాడలేదు. నీళ్ల సీసా అడగాల్సి వచ్చినా పక్క సీటతన్ని అడిగాడు.

రెండు రోజులకు కోదాడ నుంచి మా ఆడబిడ్డ దిగింది. ఆయనకు అక్క, నాకు వదిన. చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది.

"ఏమ్మా, మొగుడికి రాని ఉద్యోగం నీకెందుకమ్మా? రేపు నలుగురూ మా తమ్ముణ్ణి ఏమనుకుంటారు?"

"ఆయన లైసెన్సు ఖతమైంది వదినా. నాది ఉంది. అంతే."

అత్తమ్మ వంటింట్లోంచే అంది. "ఖతమైంది లైసెన్సు గాదు, మా ఇంటి ఇజ్జత్."

చివరికి ఆయన అన్నాడు. "పోనియ్యి అమ్మా. అది ముందల పోతది. నేను లైసెన్సు సాఫ్ చేసుకోని ఎనుకనే పోత."

అందుకు వాళ్లమ్మ ఆయన్ని కోపంగా చూసింది. ఆ ఒక్క మాటకు నేను ఆయన్ని నమ్మి విమానం ఎక్కాను.

అక్కడ మొదట ఆ దేశపు వైమానిక చట్టం మీద పరీక్ష రాయించారు. మళ్లీ మెడికల్ చేశారు. తర్వాత నా ఇండియా లైసెన్సు మీదే అక్కడ నడపడానికి ఒక ఏడాదికి చెల్లుబాటు ఇచ్చారు. ఇండియాలో అది ఆగితే అక్కడా ఆగుతుంది. మొదటి ఏడాది ప్రొబేషన్. ఆ లోపల ఏ కారణంతోనైనా ఎగరడానికి పనికిరాకపోతే ఒప్పందం రద్దు చేసే హక్కు కంపెనీది. కెప్టెన్ సీటు ముందు స్వదేశీయులకు, మిగిలితేనే మాకు. ఇవన్నీ సంతకం పెట్టేముందే చదివి వినిపించారు. మోసమేమీ లేదు.

అప్పటికే అక్కడున్న వాళ్ల కుర్ర పైలట్లు మొహాన్నే అనేవారు: "ఇంకొన్నాళ్లే. ఈ సీటు మాది." నాకు కోపం వచ్చేది, కానీ వాళ్లు చెప్పింది రూలే. నాతో భోజనానికి కూర్చునేవాళ్లు తక్కువ. పొద్దున చెరకు తోటల మీదుగా, మధ్యాహ్నం ఎర్రమట్టి పట్టణాల మీదుగా రెండు ప్రొపెల్లర్ల విమానం నడిపి, గదికి వచ్చి అన్నం వండుకునేదాన్ని. అయినా అంత సంతోషంగా నేను ఎప్పుడూ లేను. చేతికింద నిజమైన విమానం, వెనక నిజమైన జనం.

ఆయన మాట నిలబెట్టుకున్నాడు. కష్టపడి గంటలు పూర్తిచేసి, మెడికల్ చేయించుకుని లైసెన్సు లేపాడు. నా దగ్గరికి వచ్చి నెలపాటు ఉన్నాడు. కానీ ఈలోగా శిక్షణకు వెళ్లిన వాళ్ల మొదటి జట్టు తిరిగి వచ్చింది, రూలు మారింది. విదేశీ కో-పైలట్ కొత్తగా చేరాలంటే ఏదో ఒక విమాన సంస్థలో నడిపిన అనుభవం ఉండాలి. మా ఆయన చీఫ్ పైలట్ గదిలోకి తనే వెళ్లి అడిగాడు. అయిదు నిమిషాల్లో బయటికొచ్చాడు.

"నువ్వు గట్టిగ చెప్తే తీసుకునేటోడు," అన్నాడు నాతో.

"రూలు నేను రాయలే."

"నీ కోసం రూలు వంగుతది, నా కోసం వంగదా?"

"నా కోసం ఎవ్వడు వంచలే. నా లైసెన్సు చావలే, అంతే."

ఆ మాట అన్నందుకు ఆయన నన్ను ఎన్నడూ క్షమించలేదు. తర్వాతి వారమే సూర్యాపేట వెళ్లిపోయాడు.

కొన్ని వారాలకు సెలవు మీద నేనూ వచ్చాను. ఒంట్లో తేడా తెలిసి సూర్యాపేటలోనే లేడీ డాక్టరుకు చూపించుకున్నాను. గర్భం నిజమేనంది. నేరుగా దుకాణం వెనక గదికి వెళ్లి ముందు ఆయనకే చెప్పాను. గర్భం అని తెలిసిన రోజు నుంచి పైలట్ మెడికల్ చెల్లదు. అదీ రూలే.

"ఈ శుక్రవారం పోంగనే కంపెనీ డాక్టర్‌కు చెప్పేస్త," అన్నాను. "విమానం ఎక్కనియ్యరు. గ్రౌండ్ స్కూల్ల పాఠాలు చెప్పే పని ఇయ్యమని అడుగుత. ఎవరికన్న తెలిసేలోపు నేనే చెప్పుకుంటే ఇస్తరు. నమ్మకం నాకుంది."

"సరే," అన్నాడు. శుక్రవారం బస్టాండు దాకా వచ్చి బ్యాగు కూడా అందించాడు.

అక్కడ విమానం దిగేసరికి చీఫ్ పైలట్ రమ్మంటున్నాడని కబురు ఉంది. డాక్టరు గది కంటే ముందు ఆయన గదికే వెళ్లాను. కూర్చోమనలేదు.

"నీ భర్త ఫోన్ చేశాడు. నువ్వు గర్భవతివట. మాకు చెప్పకుండా ఎగరాలని చూస్తున్నావట."

చెప్పాను, చెప్పడానికే వచ్చానని, నేరుగా డాక్టరు దగ్గరికే వెళుతున్నానని.

"పట్టుబడ్డాక అందరూ అదే చెబుతారు. నీ వెనక ముప్పై మంది ప్రయాణికులు కూర్చుంటారు. దాచే మనిషి నాకు వద్దు."

గ్రౌండ్ స్కూలు మాట ఎత్తాను. ఆయన తలుపు చూపించాడు. ప్రొబేషన్ ముగియడానికి కొద్ది వారాలే ఉంది. ఒప్పందం రద్దయింది.

సూర్యాపేటలో దిగేసరికి మధ్యాహ్నం. దుకాణం నిండా రైతులు. యూరియా బస్తాలు ఎడ్లబండికి ఎక్కిస్తున్నారు. అందరి ముందే అడిగాను.

"ఫోన్ చేసింది నువ్వేనా?"

దాచలేదు. "నేనే. మన బజార్ల ఎస్టీడీ-ఐఎస్‌డీ బూతు నుంచే చేసిన. అయితే ఏంది?"

"నేనే చెప్త అన్న గదా నీకు!"

"కడుపుల నా బిడ్డ ఉండంగ గాలిల తిరుగుతవా? నాకు భయం కాదా?"

"భయమైతే నాతోటి చెప్పేటోనివి. దాస్తున్నదని వాళ్లతోటి ఎందుకు చెప్పినవ్? దాచిన్నా నేను?"

రైతులు బస్తాలు వదిలి చూస్తున్నారు. ఆయన గల్లాపెట్టె దగ్గర నుంచి లేచాడు. గొంతు ఒక్కసారి మారింది.

"ఇద్దరం నేర్చుకున్నం. ఒక్కటే ఇంటర్వ్యూకు పోయినం. నేను గీడ పురుగుమందులు అమ్మాలె, నువ్వు గాడ టోపీ పెట్టుకోని తిరగాలె. ఎంత కాలం సూడాలె నేను? చెప్పు."

అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. బిడ్డ గురించి అయితే ఎట్లాగైనా మాట్లాడుకునేవాళ్లం. ఇది బిడ్డ గురించి కాదు. అత్తమ్మ లోపలి నుంచి వచ్చి గడపలో నిలబడి, "అయ్యిందేదో అయ్యింది, లోపలికి రా," అంది. ఆమె నన్ను లోపలికి పిలవడం అదే మొదటిసారి అనిపించింది. నేను వెళ్లలేదు. బ్యాగు తీసుకుని అదే ఎండలో బస్టాండుకు నడిచి మిర్యాలగూడ బస్సు ఎక్కాను.

ఇంట్లో అమ్మ నెత్తి కొట్టుకుంది. సర్దుకపొమ్మంది, మొగుడు భయంతో చేశాడంది, పుట్టే పిల్లకు తండ్రి కావాలంది. రోజూ అదే పాట. కోదాడ వదిన ఒకసారి వచ్చి, మిల్లు ముందు ఊక ఎగురుతుంటే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి మాట్లాడింది.

"మా వాడు తప్పేం చేశాడమ్మా? రూలు చెప్పాడు. నువ్వు చేసే పని అదే కదా, రూలు ప్రకారం పోవటం?"

ఆమెను నేను గేటు బయటికి పంపించాను. చేత్తో తోయలేదు, అంతే తేడా.

నాయిన ఈ గొడవల్లో తలదూర్చలేదు. ఒకరోజు మిల్లులో నన్ను పక్కకు పిలిచి అడిగాడు. "ఆ లైసెన్సు మళ్ల వస్తదా బిడ్డా?"

"కాన్పు అయినంక పరీక్షలన్ని మళ్ల పాసైతే వస్తది నాయినా."

"అయితే తెచ్చుకో."

కూతురు పుట్టింది. పాప పాలు మరిచాక బెంగుళూరు వెళ్లి మెడికల్ పాసయ్యాను. క్లబ్బులో గంటలు పూర్తిచేశాను, మీటర్ల పరీక్ష పాసయ్యాను. చీఫ్ పైలట్‌కు రాస్తే జవాబు రాలేదు. చివరికి నేనే ఫోను చేశాను. గొంతు గుర్తుపట్టాడు. "ఒకసారి దాచావు," అన్నాడు. "దాచలేదు. నా మాట నమ్మకుండా ఇంకొకరి మాట నమ్మారు," అన్నాను. వాళ్లకు కొత్తగా ఇంకో రెండు విమానాలు వచ్చాయని, నడిపేవాళ్లు చాలడం లేదని నాకు ముందే తెలుసు. ఆయన క్షమాపణ చెప్పలేదు. అనుభవం ఉన్నవాళ్ల లెక్కలో పిలుస్తాను, ప్రొబేషన్ మొదటి నుంచి, సీనియారిటీ జాబితాలో అందరికంటే కింద, ఇష్టమైతే రా అన్నాడు.

వెళ్లాను. పాపను మొదట అమ్మ దగ్గర ఉంచి, రెండేళ్లకు తీసుకెళ్లాను. ఇండియా లైసెన్సు చెల్లుబాటు మీద ఎన్నేళ్లున్నా కో-పైలట్‌గానే మిగిలిపోతామని అప్పటికి తెలిసింది. అందుకని ఆ దేశపు పరీక్షలన్నీ రాసి వాళ్ల సొంత లైసెన్సే సంపాదించాను. స్వదేశీయులు అందరూ పైకి వెళ్లాక, తొంభైల చివర నాకు కెప్టెన్ కూర్చునే ఎడమవైపు సీటు దొరికింది. చివరి పరీక్ష విమానంలో నా పక్కన కూర్చున్నది ఆ చీఫ్ పైలటే. దిగాక, "దిగేటప్పుడు వేగం కొంచెం ఎక్కువైంది," అని మాత్రం అని సంతకం పెట్టాడు. నేను కూడా థాంక్స్ చెప్పలేదు.

పాప పుట్టాక నేను వేసిన విడాకుల కేసు, ఆయన ఒప్పుకోక, సూర్యాపేట కోర్టులో ఇంకా నడుస్తూనే ఉంది. ఆ ఏడాది సెలవులో మిర్యాలగూడలో ఉండగా ఆయన వచ్చాడు. జుట్టు పలచబడింది. పాపను పలకరించాడు, పాప కొత్తమనిషిని చూసినట్టు చూసింది. కుర్చీలో కూర్చుని చాలాసేపు వానల గురించి, సాగర్ కాలువ నీళ్ల గురించి మాట్లాడాడు. తర్వాత అసలు సంగతికి వచ్చాడు.

"గాడ ఆఫీసుల, విమానాల దారి కాగితాలు తయారుజేసే కొలువులకు బయటోళ్లను తీసుకుంటున్నరట గదా? పైలట్ లైసెన్సు ఉన్నోళ్లకు ముందల ఇస్తరట."

"తీసుకుంటున్నరు. అప్లై చెయ్యి."

"నువ్వు ఒక్క మాట జెప్తే..."

"చెప్ప."

"ఇంక గదే పట్టుకోని ఉన్నవా?"

"ఉన్న. నా పేరు గూడ ఎక్కడ రాయకు. వాళ్లు ఫోన్ చేసి నన్ను అడిగితే, నిజం చెప్త."

ఆయన మొహం ఎర్రబడింది. నాయిన మిల్లు నుంచి వస్తుండటం చూసి లేచాడు. దరఖాస్తు పెట్టాడో లేదో నాకు తెలియదు. నన్నైతే ఎవరూ అడగలేదు. మరుసటి వాయిదాకు ఆయన విడాకుల కాగితాల మీద సంతకం చేశాడు. ఆ వారమే పాపను తీసుకుని నేను డ్యూటీకి వెళ్లిపోయాను.