కాదనేవాడు

నూటమూడేళ్ల దర్జీ తాతకు ఇప్పుడు సూది బెజ్జం కంటికి ఆనదు. అయినా పొద్దున్నే గడ్డం గీసుకుని, మెడలో టేపు వేసుకుని, మనవడి కుట్టుకొట్టులో మూలనున్న బల్ల మీద కూర్చుంటాడు. ఏదైనా పాత సంగతి చెప్పాక కాసేపు ఆగి పక్కకు చూస్తాడు. అక్కడ కూర్చుని కాజాలు కుట్టిన స్నేహితుడు, బతికున్నన్నాళ్లూ ఆయన్ని ఒక్క ముక్క సాఫీగా చెప్పనిచ్చేవాడు కాదు. "కోతలు చాలించరా" అనేవాడు. అతను పోయి ఇరవై ఏళ్లు దాటింది.

మొన్న పుట్టినరోజుకి పత్రిక నుంచి ఒకమ్మాయి వచ్చింది. "కుర్రతనంలో ఏరంతా ఈది పందెం గెలిచాను" అన్నాడు తాత, అలవాటుగా పక్కకు తిరిగి. ఆ అమ్మాయి బుద్ధిగా రాసుకుంది. మనవడు కత్తెర ఆపకుండానే, "మా తాతంటే మాటలా మరి" అన్నాడు.

తాత మొహం చిన్నబోయింది. "లేదమ్మా, కొట్టెయ్. గెలిచింది మా కాజాలవాడు. నేను ఒడ్డున వాడి బట్టలకి కాపలా కాశాను."

"ఈ వయసులో కూడా ఎంత అణకువండీ మీకు" అని నవ్వి, ఆ అమ్మాయి కొట్టెయ్యకుండానే పెన్నుకు మూత పెట్టింది.

"నిజం తల్లీ. కావాలంటే ఎవర్నైనా అడుగు" అన్నాడు తాత. అనేసి, ఎవర్ని అడగమనాలో తోచక, బల్ల మీద పక్కనున్న ఖాళీ చోటు వైపు తిరిగాడు.