నీళ్ళకు ముందు బిల్ల

గోదావరిఖనిలో మేమున్న బస్తీకి నది రెండు మైళ్ళే. అయినా మా గల్లీలో నల్లా లేదు. కంపెనీ క్వార్టర్లు దొరికినవాళ్ళ సంగతి వేరు. మా ఆయనకు బాయిలో పని దొరికింది కానీ క్వార్టరు దొరకలేదు. ఇక్కడ బొగ్గుగనిని బాయి అనే అంటారు. మాలాంటివాళ్ళు ఇళ్ళు వేసుకున్న ఏడు గల్లీలకు కలిపి ఒక నీటి సంఘం ఉండేది. ఎనభైల చివర్లో నేను అందులో రాతపనికి చేరాను. బస్తీలో ఇంటర్ పాసైన కోడల్ని నేనొక్కదాన్నే, అందుకని పిలిచి ఇచ్చారు. ఆ సంగతి తలుచుకుని అప్పట్లో కొంచెం ఎక్కువే మురిసేదాన్ని.

సంఘం చెయ్యాల్సిన పని ఒక్కటే. ట్రిప్పుకింత అని డబ్బు తీసుకుని ఒక గుత్తేదారు ట్యాంకర్లతో నీళ్ళు పంపిస్తాడు. అవి వచ్చాయా, మంచివేనా అని మేం చూడాలి. నది ఒడ్డున శుద్ధి చేసిన నీళ్ళు నింపే చోటుంది, అక్కడే నింపుకు రావాలని ఒప్పందం. చూడాల్సిన ఐదుగురు సభ్యులూ షిఫ్టుల మనుషులే. ట్యాంకర్ వచ్చే వేళకు ఒకరు బాయిలో ఉంటే ఇంకొకరు నిద్రలో ఉండేవారు. అందుకని ఆదివారం నాడు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు చాయ్ తాగుతూ, వచ్చే వారానికి సరిపడా చీటీలన్నిటి మీదా ఒకేసారి సంతకాలు పెట్టేసేవారు. బుధవారం రావాల్సిన నీళ్ళు అందాయనీ, మంచిగా ఉన్నాయనీ ఆదివారమే సంతకం! ఎవరూ దాన్ని మోసమనుకోలేదు. నేనూ మొదట్లో ఆ చీటీలను వరుసగా పేర్చి, సంతకానికి వీలుగా ముందు పెట్టినదాన్నే.

నది దగ్గర ట్యాంకర్ల వరస పెద్దగా ఉండేది. అక్కడ ఎండలో నిలబడటం ఎందుకని డ్రైవర్లు ఇటుక బట్టీల వెనక మట్టి తవ్వి వదిలేసిన గుంతలో నింపుకొచ్చేవారు. పలచటి చాయ్ రంగు నీళ్ళు. అన్నం ఉడుకుతుంటే ఇల్లంతా మట్టివాసన. అవి తాగి మా పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. దవాఖాన మంచం మీద దాని కళ్ళు గుంటలు పడి ఉంటే నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆ వారం చీటీ మీద "నీళ్ళు మంచివి" అని రాసింది నా చెయ్యే.

పాప కోలుకుని ఇంటికొచ్చాక, దారి నాకు మా ఆయన జేబులో దొరికింది. బాయి మనుషులందరికీ నంబరు కొట్టిన ఇత్తడి బిల్ల ఒకటి ఉంటుంది. దీపాల గదిలో ఆ బిల్ల ఇచ్చి, తలకు పెట్టుకునే దీపం తీసుకుని కిందికి దిగుతారు. పైకొచ్చాక దీపం ఇచ్చేసి బిల్ల తీసుకుంటారు. షిఫ్టు అయిపోయాక గోడకు ఒక్క బిల్ల మిగిలినా, ఆ మనిషి ఎక్కడున్నాడో తేలేదాకా ఎవరూ ఇంటికి పోరు. ఈ ఊళ్ళో దేవుడి మీద ఒట్టు వేసి తప్పేవాళ్ళున్నారు గానీ, బిల్ల దగ్గర అబద్ధమాడేవాళ్ళు లేరు.

సంఘం అధ్యక్షుడు బాయిలో మైనింగ్ సర్దార్, అంటే షిఫ్టు కూలీల మీద పెద్ద. బస్తీ అంతా సర్దార్ కాక అనేవాళ్ళం. తర్వాతి ఆదివారం ఆయన కలం తీస్తుంటే చీటీలకు నా చెయ్యి అడ్డం పెట్టాను.

"చీటీలు బంద్ చేద్దాం కాకా. గల్లీకొక బిల్ల పెడదాం. ట్యాంకర్ వచ్చినంక నీళ్ళు నోట్లె పోసుకొని చూసి, మంచిగుంటెనే ఆ గల్లీ ఆడమనిషి బిల్ల ఇస్తది. బిల్ల దెచ్చిన ట్రిప్పే ట్రిప్పు. లేకుంటె లెక్కకు రాదు."

"ఆడోళ్ళ చేతికా?" అన్నాడో సభ్యుడు.

"మరి నీళ్ళు మోసేదెవరు, నువ్వా?"

అందరూ నవ్వారు. నవ్వినా ఒప్పుకున్నారు, బిల్ల అంటే వాళ్ళకు ఇంకేం చెప్పక్కర్లేదు. ఏడు బిల్లలు చేయించాం. రోజూ పొద్దున్నే నేను గల్లీగల్లీకీ తిరిగి ఇచ్చేదాన్ని, సాయంత్రం డ్రైవర్లు తెచ్చి ఆఫీసులో పెట్టేవారు. చలికాలమంతా నది నీళ్ళే వచ్చాయి. "అక్కా, మమ్ముల బాయిల దించినవ్ పో," అని డ్రైవర్ దెప్పుతుంటే నాకు సంతోషంగా ఉండేది. ఇంత చిన్న ఉపాయం ఇన్నేళ్ళు ఎవరికీ తట్టలేదేమిటా అని కూడా అనుకున్నాను. పొగరు కాకపోతే ఏమిటి?

మా గల్లీ బిల్ల ఖాలా దగ్గర ఉండేది. ఖాలా అంటే ముస్లింల ఇళ్ళలో చిన్నమ్మ. భర్త పోయాడు, కొడుకు లారీల షెడ్డులో మెకానిక్. కోడలు కమాన్‌పూర్ పిల్ల, ఆ ఎండాకాలానికి నిండు మనిషి. ఏడో నెల. ఖాలా ట్యాంకర్ పైపు కింద దోసిలి పట్టి, ఒక గుక్క పుక్కిలించి, కాసేపు ఆలోచించేది. ఆమె తల ఊపేదాకా గల్లీలో ఎవరూ బిందె ముందుకు జరిపేవారు కాదు.

ఎండలు ముదిరాయి. రామగుండం ఎండల గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. ఒకరోజు మూడో గల్లీలో డ్రైవర్ పైపు విప్పకుండా చెయ్యి చాపాడు. "బిల్ల ముందియ్యుండ్రి. బాయిల గూడ గట్లనే కద, బిల్ల ఇస్తెనే దీపం." అక్కడున్నామె వెంటనే తీసి ఇచ్చింది. ఆమె మామ, భర్త, మరిది అందరూ ముందు బిల్ల ఇచ్చి తర్వాత దిగినవాళ్ళే. ఆమెకు అది సహజంగానే తోచింది. పక్కనే నిలబడి చూసిన నాకూ అందులో తప్పు తోచలేదు. వారం తిరిగేసరికి ఆరు గల్లీలూ నీళ్ళు చూడకముందే బిల్ల ఇస్తున్నాయి. నీళ్ళ రంగు మారింది. ఆదివారం సంతకానికీ దీనికీ తేడా లేదని అప్పుడు గానీ నాకు వెలగలేదు.

ఖాలా మాత్రం ఇవ్వలేదు. "బాయిల బిల్ల మనిషి వాపసు రానీకి. ఇది నీళ్ళు మంచిగ రానీకి. రెండు ఒకటెట్ల అయితయ్? ముందు పానీ, తర్వాత బిల్ల," అంది. డ్రైవర్ ట్యాంకర్ తిప్పుకుని పోయాడు. మర్నాడూ అంతే. సర్దార్ కాక దగ్గరికి పరుగెత్తాను.

"వానలు పడనీ బిడ్డా, అప్పుడడుగుదాం. ఇప్పుడు గుత్తేదారును తీస్తే ఆ గుంత నీళ్ళు గూడ రావు," అన్నాడు.

ఎనిమిది రోజులు మా గల్లీకి చుక్క రాలేదు. ఆడవాళ్ళు పక్క గల్లీలకు బిందెలతో పోయి తిట్లు తిని వచ్చేవారు. ఆ తిట్లు తెచ్చి ఖాలా వాకిట్లో దిగబోసేవారు. తర్వాత మా ఇంటికి వచ్చేవారు. "వదినె, నీ బిల్లతోనే కద ఈ గోస!" మా ఆయన షిఫ్టు దిగి వచ్చి ఒంటి మీద బొగ్గు కడుక్కోవడానికి నీళ్ళు లేక అరుగు మీద కూలబడ్డాడు. "నీకెందుకే ఈ లొల్లి?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. నాకు అందరి మీదా కోపం వచ్చింది. ఎక్కువ కోపం ఖాలా మీదే వచ్చింది. ఆమె ఒక్కతే సరిగ్గా ఉంది, అందుకు.

తొమ్మిదో రోజు పొద్దున ట్యాంకర్ మూల మీద ఆగి ఉంది. నేను ఖాలా ఇంటికి పోయి బిల్ల అడిగాను. ఆమె నా ముఖం చూసి, "ఎందుకు?" అంది.

"అది సంఘం బిల్ల ఖాలా, మీది కాదు."

ఆమె కొంగుముడి విప్పి నా చేతిలో పెట్టింది. నేను పోయి డ్రైవర్‌కు ఇచ్చాను, ముందే. నీళ్ళు వచ్చాయి, పచ్చగా వచ్చాయి. గల్లీ అంతా పండగలా పట్టుకుంది. నేనూ రెండు బిందెలు పట్టుకున్నాను. కాచి వడగడితే ఏం కాదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ తర్వాత రోజూ మా గల్లీ బిల్ల నేనే ఇచ్చాను.

ఖాలా ఆ నీళ్ళు ముట్టలేదు. మైలు దూరంలోని బోరింగు నుంచి ఒక్క బిందె మోసుకొచ్చేది. అది ఇల్లంతటికీ ఏం సరిపోతుంది? ఆమె లేని సమయంలో దూప ఆగక కోడలు పక్కింటి కుండలోవి తాగేదట. నెల తిరక్కుండా ఆ పిల్ల కళ్ళు పచ్చబడ్డాయి. బస్తీలో అప్పటికే ఏడెనిమిది మందికి పసిరికలు. కడుపుతో ఉన్న మనిషికి అవి వస్తే ఎంత ప్రమాదమో మాకు కరీంనగర్ దవాఖానలో చెబితే తెలిసింది. పిల్ల బతికింది. కడుపులో బిడ్డ దక్కలేదు.

సంఘం కూర్చుంది. ఆఫీసంటే రేకుల గది, మధ్యాహ్నం లోపల కూర్చోలేం. గుత్తేదారు వచ్చి మా గల్లీ బిల్లను బల్ల మీద పెట్టాడు. "ఇది ఈ ఖాలా చేతిల బిల్ల. నీళ్ళు మంచిగున్నయనే కద ఇచ్చింది? మంచిగలేకుంటె ఎందుకిచ్చింది? ఇగ మా తప్పేంది?"

అందరూ గుమ్మం దగ్గర కూర్చున్న ఖాలా వైపు చూశారు. బిడ్డను పోగొట్టుకున్న ఇల్లే దోషి అయింది. నేను పెట్టిన పద్ధతే ఆమె మీద సాక్ష్యం చెప్పింది. ఖాలా నా వైపు చూసింది. ఉద్యోగం పోతుందని భయపడ్డాను, నా పేరు పోతుందని ఇంకా భయపడ్డాను. దాచడం ఎందుకు, కాసేపు ఊరుకున్నాను కూడా. ఆ కాసేపు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

చివరికి, "ఆమె ఇయ్యలే. నేనిచ్చిన. నీళ్ళు చూడకముందే ఇచ్చిన," అన్నాను.

ఇక గుంత మాట వస్తుందనుకున్నాను. గుత్తేదారును నిలదీస్తారనుకున్నాను. సర్దార్ కాక మాత్రం పెద్ద బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు. "చదువుకున్న నువ్వే ముందిచ్చినవంటె, చదువు రాని ఆడోళ్ళ మాటేంది బిడ్డా? ఈ బిల్లలతోని కాదు. చీటీలే నయం." ఐదు చేతులు లేచాయి. నన్ను తీసెయ్యాలా అని ఒకరడిగితే, "పాపం, ఉండనీయుండ్రి," అన్నది గుత్తేదారే. వచ్చే ఆదివారానికి చీటీలు సిద్ధం చెయ్యమని నాకే చెప్పారు. నేను తల ఊపాను.

ఖాలా వెంట నడిచాను. దారంతా ఏదో చెప్పాను, ఏడ్చాను, మాఫ్ చెయ్యమన్నాను. తన గుమ్మం దాకా వచ్చి ఆమె ఆగింది.

"నిజం చెప్పినవ్ బేటీ, మంచిదే," అంది. "గని ఆ దినం నువ్వు వస్తుంటె దూరంకెల్లే చూసిన. ఎనిమిది దినాలు నేనొక్కదాన్నే అయిన. ఇయ్యాల నాతోని నిలవడెటందుకు వస్తున్నదనుకున్న. నువ్వు కూసుంటవని పీట దెచ్చి వాకిట్ల ఏసిన."

ఆ పీటను నేను చూడలేదు. ఆ పొద్దు గురించి ఎంత గుర్తు చేసుకున్నా, బిల్ల కోసం చాచిన నా చెయ్యే కనబడుతుంది.